పూచీకత్తు అడిగే సాహిత్యం

తెలుగులో రచయితలకు ఏజెంట్లు లేరని ఇంగ్లీషు చదివినవాళ్లు విచారపడుతుంటారు. లండన్‌లో, న్యూయార్క్‌లో వున్నారు. రచయిత రాతప్రతి వాళ్ల చేతిలో పెడితే, చదివి, నచ్చితే ప్రచురణకర్త దగ్గరికి తీసుకుపోయి, బేరమాడి, ఒప్పందం రాయించి, రచయితకొచ్చే దాంట్లో నూటికి 15 తీసుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర లండన్‌లో మొదలైన వృత్తి అది. ఇవాళ అక్కడి పెద్ద కంపెనీల్లో చాలావరకు ఏజెంటు ద్వారా రాని రాతప్రతిని తెరిచి కూడా చూడరు. మన దేశంలోనూ కొద్దిమంది వున్నారు గానీ వాళ్ల పని ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలతోనే. తెలుగు రచయితకి ఆ అదృష్టం పట్టలేదని ఈమధ్య ఒక సాహిత్య సభలో ఒక పెద్దాయన తెగ బాధపడ్డాడు.

నేను ఒప్పుకోను. తెలుగులో ఏజెంటు వున్నాడు. అచ్చుయంత్రం వచ్చిన కాలం నుంచీ వున్నాడు. వాడికి ఆఫీసు లేదు, బోర్డు లేదు, ఫలానా కమీషనని లేదు. వాడి పేరు కులం. రాతప్రతి ఎవరి చేతిలో పడాలో, ఎవరితో ఫోన్ చేయించాలో, ముందుమాట ఎవరు రాయాలో, సభకి ఎవర్ని పిలవాలో, సమీక్ష ఏ ఆదివారం రావాలో, గ్రంథాలయాలకి ఎన్ని కాపీలు పోవాలో అన్నీ వాడే చూసుకుంటాడు. వాడి సేవలు పుట్టుకతో అందినవాళ్లకి వాడు కనపడడు. అందుకే లేడంటారు.

ఎట్లా పనిచేస్తాడో చెప్తాను. ఒక అగ్రవర్ణ కుర్రవాడు కథ రాశాడనుకోండి. వాళ్లింట్లో బీరువా నిండా పుస్తకాలుంటాయి. మేనమామ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసరు. పెదనాన్నతో కలిసి చదువుకున్నాయన పత్రికలో ఎడిటరు. ‘మనవాడే, కాస్త చూడండి’ అనే ఒక్క మాట చాలు. ఆ కథ చెత్తదని నేననడం లేదు. బాగుండొచ్చు కూడా. బాగున్నా బాగోకపోయినా దాన్ని ఒకరు కూర్చుని చదువుతారు. బాగోకపోతే ఎక్కడ బాగోలేదో చెప్తారు. తిరగరాసి తెమ్మంటారు. ఆ తిరగరాయించడమే సగం శిక్షణ. మా పిల్లవాడి కథ బాగుందా లేదా అన్న ప్రశ్న దాకా రానే రాదు. కవరు మీద పేరు దగ్గరే, ఊరు దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత ‘దళితుల్లో రాసేవాళ్లు తక్కువండీ’ అని మళ్లీ వాళ్లే వ్యాసాలు రాస్తారు.

నేను మాదిగను. ప్రకాశం జిల్లా. మా తాత లంద కాడ తంగేడు చెక్క నీళ్లలో చేతులు నానబెట్టి బతికినవాడు. నాయన చెప్పులు కుట్టి, ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఆ పని పోయాక కూలికి పోయాడు. అమ్మ పొగాకు గ్రేడింగులో ఆకు ఏరేది. మా ఇంట్లో అచ్చు కాగితాలంటే బైబిలూ, రేషన్ కార్డూ, అంతే. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తున్నాను. ఊళ్లో పిల్లలకి పద్యం చెప్పే మాదిగ తెలుగు మాస్టారు రాసిన కథలకి మాత్రం తెలుగులో చోటు దొరకడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

పద్నాలుగు కథలు రాశాను. స్టాంపులంటించిన తిరుగు కవరు పెట్టి వారపత్రికలకి పంపాను. కొన్ని తిరిగొచ్చాయి. కొన్నింటి కవర్లు కూడా తిరిగి రాలేదు. ఒకచోట ఫోన్ చేస్తే ‘మాండలికం మరీ ఎక్కువైంది, పాఠకులకి అర్థం కాదు’ అన్నారు. అదే పత్రికలో మా జిల్లా మోతుబరి రైతుల మాండలికంలో కథలొస్తాయి. ఆ భాష పాఠకులకి అర్థమవుతుంది. ఊరికీ వాడకీ మధ్య నడిచేది ఒక్క డొంక. ఆ డొంక దాటేసరికి అదే తెలుగు అర్థం కాకుండా పోతుంది! 2020 కరోనా నాటి నుంచి కొన్ని కథల పత్రికలు అచ్చే మానుకున్నాయి. వున్న తలుపులే తక్కువ. అవి కూడా మూసుకుపోతే ముందు బయట మిగిలేది ఎవరో చెప్పక్కర్లేదు.

తర్వాత పుస్తకంగా తేవాలని ఒక పేరున్న ప్రచురణ సంస్థకి పోయాను.

‘చూశాం మాస్టారూ. బాగానే వున్నయి. కాకపోతే దళిత కథలు ఇప్పటికే చాలా వచ్చినయి గదా’ అన్నాడాయన.

ఆయన వెనక అల్మారా చూశాను. అగ్రహారం కథలు, మధ్యతరగతి ఇళ్ల కథలు, అత్తాకోడళ్ల కథలు మూడు అరలు నిండి వున్నాయి. అవి చాలా వచ్చినయని ఆ గదిలో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. నూరేళ్లుగా ఒకే వంటింటి వాసన అచ్చేసినా చాలా అనిపించనివాళ్లకి, మా వాడ నుంచి నాలుగు పుస్తకాలొచ్చేసరికి కడుపు నిండిపోయింది.

‘ఒక పని చెయ్యండి. ఎవరిచేతన్నా మంచి ముందుమాట రాయించుకు రండి. 300 కాపీలు మీరే తీసుకునేట్టయితే ఆలోచిద్దాం’ అన్నాడు.

ఇక్కడ ఆగి ముందుమాట గురించి చెప్పాలి. పైకి అది సాహిత్య మర్యాద. నిజానికి పూచీకత్తు. మా నాయన ఎస్సీ కార్పొరేషన్ లోనుకి పోతే బ్యాంకులో మొదటి ప్రశ్న ‘పూచీ ఎవరు?’ అని. నీ దగ్గర ఏం పని వుంది, ఎట్లా తీరుస్తావు అని అడగలేదు. పూచీ ఇచ్చే ఆసామి ఊళ్లో వుంటాడు. ఆయన సంతకం పెడితే ఆ సంవత్సరమంతా ఆయన పొలంలో పిలిచినప్పుడల్లా పోవాలి. ముందుమాట కూడా అంతే. అగ్రవర్ణ రచయిత పుస్తకంలో ముందుమాట అలంకారం. మా పుస్తకంలో అది జామీను. ‘ఈ మాదిగవాడు రాయగలడు, నేను చూశాను, మీరు భయపడకండి’ అని ఒక పెద్దమనిషి పాఠకులకిచ్చే హామీ. సంతకానికి బదులు ఏం చెయ్యాలో అక్కడే తెలుస్తుంది.

నేను ఒక రిటైరైన పెద్దాయన దగ్గరికి పోయాను. అభ్యుదయవాది అని పేరు. రెండు నెలలు వుంచుకుని పిలిచాడు. మంచి మనిషే, టీ ఇచ్చాడు, కుర్చీ వేశాడు. ‘నీ కథల్లో జీవముందయ్యా’ అన్నాడు. రాతప్రతి నిండా ఎర్ర సిరా. ‘కూడు’ అన్నచోటల్లా ‘అన్నం’. లంద, ఆరె, రంపె అన్న మాటల కింద గీతలు. వాటికి పేజీ అడుగున అర్థాలివ్వమన్నాడు. ఒక కథలో ఆసామి కులం పేరు రాశాను. దాన్ని కొట్టేసి ‘ఒక భూస్వామి’ అని పెట్టాడు. ‘కులం పేరెందుకు? భూస్వామి అంటే వర్గం తెలుస్తుంది గదా’ అన్నాడు. మా కులం పేరు మాత్రం ఎక్కడా కొట్టలేదు. అది వుంటేనే పుస్తకానికి ‘ప్రామాణికత’ అట!

‘సార్, నేను చిన్న తరగతుల్లో ఔపోసన, తద్దినం, మడి, జంధ్యం అన్న మాటలు చదివాను. మా వాడలో ఆ మాటలు ఎవరూ అనరు. వాటికి పేజీ అడుగున అర్థాలు ఎవరూ ఇవ్వలేదు. నేనే కనుక్కుని నేర్చుకున్నాను. పరీక్ష రాశాను. ఆ మాటలతోనే ఇవాళ పాఠం చెప్తున్నాను. లంద అంటే ఏందో కనుక్కోవడం మీ పాఠకులకి అంత కష్టమా?’ అన్నాను.

ఆయన నవ్వి, ‘నీలో ఆవేశం వుంది’ అన్నాడు. మేం వాదిస్తే అది ఆవేశం. వాళ్లు వాదిస్తే విమర్శ. నేను నా కాగితాలు తీసుకుని వచ్చేశాను. ముందుమాట లేకుండానే పుస్తకం వేశాను. ఒక్క అర్థం కూడా కింద ఇవ్వలేదు.

ఒక్క మాట చూడండి. ఆయన మార్చమన్నది అక్షర దోషాల్ని కాదు. వాటిని దిద్దితే దణ్ణం పెట్టేవాణ్ణి. ఆయన కొట్టేసినవి మూడు: మా తిండి పేరు, మా పని పేరు, మమ్మల్ని కొట్టినవాడి కులం పేరు. ఈ మూడూ పోయాక మిగిలే దళిత కథ ఎవరికి కావాలి? ఎవరికీ నొప్పి పుట్టని కన్నీళ్ల కథ వాళ్లకి కావాలి. చదివి ‘అయ్యో’ అనడానికి వీలుండాలి, ‘నేనా?’ అని ఉలిక్కిపడే వీలుండకూడదు.

ఇక డబ్బు. 160 పేజీలు, 500 కాపీలు. డీటీపీ, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగు అన్నీ కలిపి 45 వేలయింది. మాకు పాత పెన్షనూ జీపీఎఫ్పూ లేవు, సీపీఎస్ వాళ్లం. ఏపీజీఎల్ఐలో లోను పెట్టి కట్టాను. అచ్చయిన కట్టలు ఇంటికి తెచ్చిన రోజు అమ్మ అడిగింది:

‘పుస్తకం రాసింది నువ్వు గదా? మరి నువ్వే ఎదురు డబ్బులియ్యటం ఏందిరా నాయనా? ఆకు ఏరినోళ్లకి కూలిస్తారు గానీ, ఏరినోళ్లే కంపెనీకి కూలి కట్టేది యాడన్నా వుందా?’

ఆ ప్రశ్నకి తెలుగు ప్రచురణ రంగం దగ్గర సమాధానం లేదు. తెలుగులో ఇవాళ కథలూ కవిత్వమూ ఎక్కువ భాగం రచయిత సొంత ఖర్చుతోనే వస్తున్నాయి. అగ్రవర్ణ రచయిత కూడా డబ్బు పెట్టుకుంటాడు, నిజమే. ఆయనకి అది రెండెకరాల పంట మీద మిగులు. లేదా అమెరికాలో వున్న కొడుకు పంపింది. మాకది తల్లి మందుల డబ్బు, చెల్లెలి పెళ్లప్పు. ‘అందరికీ ఒకటే రూలు’ అనేవాళ్లు ఆ తేడా చెప్పరు.

అచ్చయిన పుస్తకం అమ్మాలంటే మళ్లీ ఏజెంటు గుమ్మమే. పుస్తకాల షాపువాళ్లు నన్ను నూటికి 45 కమీషన్ అడిగారు. మిగతాది అమ్ముడుపోయాక ఇస్తారు. ఎన్ని అమ్ముడుపోయాయో వాళ్లు చెప్పిందే లెక్క. సమీక్షకి రెండేసి కాపీలు పంపాలి. పంపాను. అవి ఏ బల్ల కింద వున్నాయో ఇప్పటికీ తెలియదు.

గ్రంథాలయాల సంగతి అన్నిటికంటే ఘోరం. 1960 నాటి పౌరగ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఊరూ కడుతుంది, వాడా కడుతుంది. మాదిగపల్లెలో రేకుల ఇంటికీ సెస్సు వుంది. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొంటాయి. ఏ పుస్తకాలు కొనాలో ఎవరు తేలుస్తారు? ఆ కమిటీల్లో ఎవరుంటారు? మా మండలం శాఖా గ్రంథాలయంలో వాస్తు పుస్తకాలున్నాయి, జాతకాలున్నాయి, వ్రతకథలున్నాయి. మా 8 పైసలు పెట్టి మమ్మల్ని అంటరానివాళ్లన్న ధర్మాన్ని మాకే కొనిపెట్టారు. నేను అడిగితే ‘పై నుంచి వచ్చిన లిస్టు మాస్టారూ’ అన్నాడు లైబ్రేరియన్. ఆ పైన ఎవరున్నాడో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

‘మంచి రచనకి కులంతో పనేంటి, నాణ్యత వుంటే అదే పైకొస్తుంది’ అనేవాళ్లకి ఒక్క ఉదాహరణ చెప్తాను. ఈ దేశంలో అంతకంటే చదువుకున్నవాడు అరుదు. కొలంబియా, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పట్టాలున్నవాడు. బాబాసాహెబ్ అంబేద్కర్. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టినప్పుడు, ఆ సంగతి చెప్పే ప్రకటన డబ్బు కడతామన్నా వెయ్యడానికి ‘కేసరి’ ఒప్పుకోలేదు. వార్త కాదు, వ్యాసం కాదు, కిరాయి ప్రకటన! 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచి, ప్రసంగం ముందే చదివి, వేదాల గురించి రాసిందీ, హిందూమతం వదిలిపోతానన్నదీ తీసేయమన్నారు. కులం పోవాలని పెట్టుకున్న సంఘమే అది! ఆయన కామా కూడా మార్చనన్నాడు. వాళ్లు సభే రద్దు చేసుకున్నారు. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చేశాడు. 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. అదే ‘కుల నిర్మూలన’. వెల 8 అణాలు పెడితే, అది ఎక్కువ, 2 అణాలో 4 అణాలో పెట్టాల్సిందని గాంధీ ‘హరిజన్’లో రాశాడు. అచ్చు ఖర్చు ఎవరు భరించారన్నది మాత్రం ఆయనకి పట్టలేదు.

అదే పుస్తకం రెండో ముద్రణ 1937లో వేస్తూ, ఏయే భాషల్లోకి పోయిందో అంబేద్కర్ చెప్పుకున్నాడు. గుజరాతీ, తమిళం అయ్యాయి. మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం అవుతున్నాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. అప్పటికి తెలుగులో ప్రచురణ సంస్థలు లేకనా? అభ్యుదయవాదులు లేకనా?

చివరికొద్దాం. 1956 సెప్టెంబరు. రాజ్యాంగం రాసి, కేంద్రంలో న్యాయశాఖ మంత్రిగా చేసినవాడు. ‘బుద్ధుడూ ఆయన ధమ్మమూ’ పుస్తకానికి అచ్చు ఖర్చు పెరిగిపోయి, బుద్ధుడి 2500 ఏళ్ల ఉత్సవం జరుగుతోంది గదా, ప్రభుత్వం 500 కాపీలు కొని గ్రంథాలయాలకి పంచుతుందా అని నెహ్రూకి ఉత్తరం రాశాడు. ఉత్సవాల పుస్తకాలకి పెట్టుకున్న డబ్బు అయిపోయిందని జవాబొచ్చింది. డిసెంబరు 6న అంబేద్కర్ పోయాడు. పుస్తకం 1957లో వచ్చింది. ఆయన తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. నాణ్యత వుంటే పైకొస్తుందనే పెద్దలారా, ఈయనకి ఏ నాణ్యత తక్కువైంది?

ఈ మూడు సంగతులూ ఏడవడానికి చెప్పడం లేదు. అంబేద్కర్ ఏం చేశాడో చూడమని చెప్తున్నాను. ప్రకటన వెయ్యకపోతే పత్రికే నడిపాడు. సభ పోతే పుస్తకం వేశాడు. మన తెలుగు నేల మీద కూడా అదే దారి. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టాడు. వాళ్లు ఎవరి ముందుమాట కోసమూ గుమ్మం దగ్గర నిలబడలేదు. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ నెత్తురు ఆరకముందే 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1996లో ‘పదునెక్కిన పాట’ వచ్చాయి. ఒక్కొక్కరుగా వున్నవాళ్లు గుంపుగా వచ్చేసరికి, అప్పటిదాకా కనపడనట్టు నటించినవాళ్లు చూడక తప్పలేదు. మరాఠీలో దయా పవార్ ‘బలుతం’ 1978లో వేసింది గ్రంథాలి. పాఠకుల ఉద్యమంగా పుట్టిన సంస్థ అది. పాఠకులు ముందు నిలబడితే పుస్తకానికి పూచీకత్తు అక్కర్లేదని అక్కడ తేలింది.

మా పుస్తకాలు వేసిన అగ్రవర్ణాల వాళ్లు లేరా అంటారు. వున్నారు. ‘కవిత్వం ప్రచురణలు’ వుంది, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం ‘నల్లపొద్దు’ 2003లో ఆ ట్రస్టే వేసింది. ఎవరి సాయం వాళ్లకి చెప్పుకుంటాం, దాచుకోం. కానీ ఒకరిద్దరు మంచివాళ్లుంటేనే మేం అచ్చవుతాం అనే స్థితి హక్కు ఎట్లా అవుతుంది? దయ ఎంత గొప్పదైనా ఇచ్చేవాడి ఇష్టం. మేం అడిగేది మా వాటా.

ఇక కొత్త ఏజెంటు సంగతి. ఇంగ్లీషువాడు. ఇరవై ఏళ్లుగా దళిత సాహిత్యానికి ఇంగ్లీషులో గిరాకీ వచ్చింది. మంచిదే. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తెలుగు దళిత రచనల సంకలనం వేశారు. 2017లో సుజాత గిడ్ల పుస్తకం న్యూయార్క్‌లో అచ్చయి, మన మాలవాడ కథ ప్రపంచమంతా చదివింది. ఆమె ఇంగ్లీషులోనే రాసింది. తెలుగులో రాసే మా దగ్గరికి మాత్రం అనువాదం పేరుతో ఎవరెవరో వస్తుంటారు. ‘మీ కథ ఇంగ్లీషులోకి పోతుంది, సంతకం పెట్టండి’ అంటారు. మాలో చాలామంది చదవకుండా పెడతారు. మా తాతలు ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసినట్టే.

కాబట్టి చట్టం తెలుసుకుందాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన ప్రతి అక్షరం మీదా హక్కు రాసినవాడిదే. బతికున్నంత కాలమూ, పోయాక 60 ఏళ్లూ. ఆ హక్కు వేరేవాళ్లకి పోవాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ దేశాలకో రాయకపోతే ఇండియా వరకే. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే రకంగా రాసుకుంటే తప్ప, అది తిరిగి మనకే వస్తుంది. ఈ నాలుగు మాటలు ప్రతి దళిత రచయితా పలకమీద రాసుకోవాలి. అనువాదానికి ఎంతిస్తారు, ఎక్కడెక్కడ అమ్ముతారు, మళ్లీ ముద్రిస్తే మాకేం వస్తుంది అని అడగాలి. అడిగితే ‘ఉద్యమ రచయితకి డబ్బు మీద ఆశేంటి’ అంటారు. అనేవాళ్లకి నెలనెలా యూనివర్సిటీ జీతమొస్తుంది.

మనలో మనకీ ఒక మాట వుంది. 1994 జులై 7న మా జిల్లా ఈదుముడిలోనే దండోరా మోగింది. రిజర్వేషన్లలో మా వాటా ఏదని అడిగిన ఆ ప్రశ్న పుస్తకాలకీ వర్తిస్తుంది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది. మన సంకలనాల్లో మాదిగలెందరు? రెల్లి, డక్కలి, చిందు వాళ్లెందరు? ఆడవాళ్లెందరు? ఒక పుస్తకం వేసుకోగానే మనవాడే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, పక్కవాడ పిల్లని ముందుమాట కోసం ఆర్నెల్లు తిప్పుకుంటే, ఏజెంటు కులం మారిందే గానీ పని మారలేదు. మన గుమ్మాలకి కాపలాదార్లు వద్దు.

మరి ఏం చెయ్యాలి? ఈ పుస్తకం చదివేది విద్యార్థులూ కార్యకర్తలూ కాబట్టి పని మాటలే చెప్తాను.

ముందు చదివేవాళ్లం మనమే కావాలి. నా పుస్తకం 500లో 430 కాపీలు అమ్మాను. ఒక్క షాపులో కూడా కాదు. ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం దగ్గర బల్ల వేసుకుని, ఆగస్టు 6న చుండూరు సభలో, ఎస్సీ హాస్టళ్లలో, ఉపాధ్యాయ సంఘం సమావేశాల్లో అమ్మాను. ఒక హాస్టల్లో ఎనిమిదిమంది పిల్లలు తలా ఇరవై రూపాయలు వేసి ఒక కాపీ కొన్నారు. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల చదివి, ‘సార్, లంద గురించి మా జేజి చెప్పేది. పుస్తకంలో కూడా వుంటదని నాకు తెలీదు’ అంది. పేజీ అడుగున అర్థం అడగని పాఠకులు వున్నారని, లక్షల్లో వున్నారని ఆ రోజు రూఢిగా తెలిసింది. వాళ్ల దగ్గరికి పుస్తకం తీసుకుపోయే దారి మనమే వెయ్యాలి.

అచ్చుకి ముందే చందాలు కడదాం. నూరుమంది నూటయాభై రూపాయల చొప్పున ముందు కడితే 15 వేలు చేతికొస్తుంది. రచయిత అప్పులో మూడో వంతు తగ్గినట్టే. మూడు పుస్తకాలు ఒకేసారి వేస్తే, కాగితం కలిపి కొంటే, ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఐఎస్‌బీఎన్ నంబరు ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దాని పేరు చెప్పి ఎవరన్నా డబ్బడిగితే ఇవ్వొద్దు. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ పంపాలి. తప్పకుండా పంపండి. రేపు మనం పోయినా, మన ఇల్లు కూలినా, పుస్తకం అక్కడ వుంటుంది.

గ్రంథాలయ సంస్థల్ని వదలొద్దు. 2005 సమాచార హక్కు చట్టం వుంది. పది రూపాయల దరఖాస్తు చాలు. గడిచిన ఐదేళ్లలో ఏ పుస్తకాలు కొన్నారు, ఎన్ని కాపీలు, ఎంపిక కమిటీలో ఎవరున్నారు అని ప్రతి జిల్లాలోనూ అడుగుదాం. జవాబు కాగితాలన్నీ ఒకచోట పెడితే ఏజెంటు ముఖం అందరికీ కనపడుతుంది. ఆ కాగితాలతోనే కలెక్టరేటు ముందు కూర్చుందాం.

రాతప్రతులు చదివే పని కూడా మనమే పంచుకోవాలి. జిల్లాకి ఐదుగురం చాలు. ఎవరు పంపినా నెలలోగా చదివి, ఎక్కడ బాగుంది, ఎక్కడ తిరగరాయాలి అని నిజం చెప్పాలి. మెచ్చుకోలు వద్దు, జాలి వద్దు. మన పిల్లలకి ఇన్నాళ్లూ అందనిది అదే: శ్రద్ధగా చదివి, కొట్టేయాల్సింది కొట్టేసి, తిండి పేరూ పని పేరూ మాత్రం ముట్టుకోని ఒక చెయ్యి. రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న హాస్టల్ గదిలో చనిపోయాడు. సైన్సు గురించి రాయాలనుకున్నవాడు. ఇంకే పిల్లవాడి రాతా అట్లా ఆగిపోకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ సంచుల్లో నోటుపుస్తకాలున్నాయని నాకు తెలుసు. పరీక్ష కాగితాల వెనక, హాస్టల్ మెస్ కార్డుల వెనక రాసుకుంటున్నారని తెలుసు. వాటిని పట్టుకుని పెద్దమనుషుల గుమ్మాలకి పోవద్దు. మీ పక్క మంచం మీదున్నవాడికి ముందు చదివి వినిపించండి. వాడు ఎక్కడ నవ్వాడో, ఎక్కడ మాట పడిపోయి కూర్చున్నాడో చూసుకుని తిరగరాయండి. తర్వాత మాకు పంపండి. పూచీ మేం వుంటాం. బదులుగా మీరు ఎవరి పొలంలోనూ పని చెయ్యక్కర్లేదు.